వేజర్ నదిలో పడవ కింద నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. జర్మనీ పటంలో వేజర్ నది ఏ కొండలోనూ పుట్టినట్లు కనబడకుండా హాన్ మ్యూండెన్ అనే ఊరి దగ్గర ఉన్నట్టుండి ఎందుకు మొదలవుతుంది అన్నది మొదటిది. అక్కడి నుంచి ఉత్తర సముద్రం దాకా ఒకే చిన్న పడవలో దిగిపోవడం సాధ్యమేనా అన్నది రెండవది. బ్రెమెన్ అంత పాత రేవు పట్టణమై ఉండగా భారీ ఓడలన్నీ దానికి 60 కిలోమీటర్లకు పైగా దిగువన ఉన్న బ్రెమర్‌హాఫెన్‌లోనే ఎందుకు ఆగిపోతాయి అన్నది మూడవది. నేను ముప్పై ఏళ్లకు పైగా సరుకు ఓడల్లో పనిచేశాను. ఆ కాలంలో బ్రాకె, బ్రెమర్‌హాఫెన్ రేవులకు చాలాసార్లు వచ్చాను. ఉద్యోగం చాలించిన తరువాత పై వేజర్‌ను కొంత సైకిలు మీద, కొంత పడవలో చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఈ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే దొరుకుతుంది. పడవ అడుగున ఉండే నీరు ఎక్కడి నుంచి వస్తోంది అని అడగండి. వేజర్ పై భాగంలో అది ఎక్కడో కొండల మధ్య ఉన్న ఒక జలాశయం నుంచి వస్తుంది. మధ్య భాగంలో ఆనకట్టలు దానిని పట్టి నిలుపుతాయి. కింది భాగంలో దానిని సముద్రమే రోజుకు రెండుసార్లు తెచ్చి ఇచ్చి తిరిగి తీసుకుపోతుంది. పేరు ఒకటే అయినా నావికుడికి ఇవి మూడు వేరు వేరు నదులు.

ముందు పుట్టుక సంగతి. తూరిన్జియా వైపు నుంచి సుమారు 300 కిలోమీటర్లు వచ్చే వెర్రా, హెస్సె రాష్ట్రంలోని ర్‌యోన్ కొండల నుంచి సుమారు 220 కిలోమీటర్లు వచ్చే ఫుల్డా, ఈ రెండూ హాన్ మ్యూండెన్ దగ్గర కలుస్తాయి. ఆ కూడలిలో 1899లో నిలిపిన ఒక రాయి ఉంది. ఈ రెండు నదులూ ముద్దు పెట్టుకున్నందుకు తమ పేర్లు పోగొట్టుకుని వేజర్ అయ్యాయని దాని మీద నాలుగు పాదాల పద్యం చెక్కి ఉంటుంది. పద్యం ముచ్చటగానే ఉంది కానీ భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. వెర్రా, వేజర్ అన్నవి నిజానికి ఒకే పాత పేరుకు రెండు ప్రాంతాల ఉచ్చారణలు. రోమన్లు ఈ నదిని విసుర్గిస్ అన్నారు. కాబట్టి పేరును బట్టి చూసినా, పొడవును బట్టి చూసినా వెర్రాయే అసలు నది, ఫుల్డా దానిలో కలిసే ఉపనది. అలా లెక్కిస్తే పొడవు 700 కిలోమీటర్లు దాటుతుంది. పటాలు మాత్రం కూడలి నుంచి మొదలుపెట్టి దాదాపు 450 కిలోమీటర్లని రాస్తాయి. మీకు కలిగిన సందేహానికి ఈ నామకరణమే కారణం తప్ప ప్రకృతిలో వింత ఏమీ లేదు.

హాన్ మ్యూండెన్ నుంచి మిండెన్ వరకు ఉన్న సుమారు 200 కిలోమీటర్లను పై వేజర్ అంటారు. సముద్రమట్టానికి దాదాపు 116 మీటర్ల ఎత్తున మొదలై, అడవి కప్పిన కొండల మధ్య పెద్ద పెద్ద వంపులు తిరుగుతూ, కార్ల్స్‌హాఫెన్, హ్యోక్స్టర్, హోల్జ్‌మిండెన్, బోడెన్‌వెర్డర్, హామెల్న్, రింటెల్న్ ఊళ్లను తాకుతూ పోతుంది. వేణువు ఊది ఎలుకలను నదిలో ముంచిన కథ హామెల్న్‌ది, ఆ నది ఇదే. ఈ భాగంలో హామెల్న్ దగ్గర ఉన్న ఆనకట్ట, లాకు తప్ప నీటికి అడ్డు ఎక్కడా లేదు. నది స్వేచ్ఛగా పారుతుంది, అంటే ఎండాకాలంలో స్వేచ్ఛగా ఎండుతుంది కూడా. పంతొమ్మిదో శతాబ్దంలో ఒడ్డు నుంచి నది మధ్యకు రాతి అడ్డుకట్టలు కట్టి ప్రవాహాన్ని నడిమికి నెట్టారు. సన్నబడిన నీరు కొంత లోతును తానే తవ్వుకుంటుంది. ఆ రాతి అడ్డుకట్టలు ఇప్పటికీ ఉన్నాయి. నీరు కొంచెం పెరిగినప్పుడు అవి మునిగి కనబడకుండా పోతాయి. చిన్న పడవల వారికి ఈ భాగంలో అసలు ప్రమాదం అదే.

పూర్వం ఈ నదిలో సరుకు పడవలు మూడేసి జతగా వెళ్లేవి. ముందుది పెద్దది, దానికి బోక్ అని పేరు. వెనక కట్టినవి హింటర్‌హాంగ్, బుల్లె. దిగువకు పోయేటప్పుడు ప్రవాహమే మోసుకుపోయేది. ఎగువకు మాత్రం ఒడ్డున మనుషులు, తరువాతి కాలంలో గుర్రాలు, తాడు పట్టి లాగవలసి వచ్చేది; బ్రెమెన్ నుంచి మ్యూండెన్ చేరడానికి వారాలు పట్టేది. అంత కష్టపడి వచ్చిన సరుకును మ్యూండెన్‌లో దించి, ఊరి వర్తకులకు అమ్మకానికి చూపించి, తరువాతే ముందుకు పోవాలన్న హక్కు ఆ ఊరికి 1247 నుంచి ఉండేది. దాన్ని తప్పించుకోవడానికే హెస్సె-కాసెల్ పాలకుడు కార్ల్ 1699లో కార్ల్స్‌హాఫెన్ కట్టించి, అక్కడి నుంచి తన రాజధాని కాసెల్‌కు కాలువ తవ్వించడం మొదలుపెట్టాడు. అది పూర్తి కాలేదు. 1707లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనీ పాపెన్ తెడ్డు చక్రాలున్న పడవలో ఫుల్డా మీదుగా వచ్చినప్పుడు, తమ హక్కుకు భంగమని మ్యూండెన్ పడవల వారు దాన్ని పగలగొట్టారు. అది ఆవిరి పడవ అని చాలా చోట్ల రాస్తారు కానీ, ఆ చక్రాలను తిప్పింది చేతులే అయి ఉంటుందని చరిత్రకారుల అభిప్రాయం. ఈ నదీ తీర రాజ్యాలన్నీ కూర్చుని 1823లో నౌకాయాన ఒప్పందం రాసుకున్న తరువాత గానీ ఇలాంటి పాత హక్కులు తొలగలేదు.

ఇక నీటి విషయం. వేసవిలో పై వేజర్‌కు నీరు ఎడర్ జలాశయం నుంచి వస్తుంది. ఎడర్ అనేది ఫుల్డాకు ఉపనది; కాసెల్‌కు ఎగువన దానిలో కలుస్తుంది. దాని మీద 1908 నుంచి 1914 వరకు కట్టిన రాతి ఆనకట్ట వెనక దాదాపు 20 కోట్ల ఘనపు మీటర్ల నీరు నిలుస్తుంది. దాన్ని ముఖ్యంగా విద్యుత్తు కోసమో, వరద రక్షణ కోసమో కట్టారని చాలామంది అనుకుంటారు. అవి కూడా ఉన్నాయి కానీ అసలు ఉద్దేశం నౌకాయానం. మిండెన్ దగ్గర వేజర్‌ను దాటి తూర్పు పడమరలుగా పోయే మిట్టెల్‌లాండ్ కాలువకు వేజర్ నుంచే నీటిని పైకి తోడి పోస్తారు. అంత నీరు తోడితే వేజర్ పడవల అడుగు ఇసుకకు తగులుతుంది కాబట్టి ఆ నష్టం పూడ్చడానికి కొండల్లో జలాశయం కట్టారు. హాన్ మ్యూండెన్ నీటి కొలబద్ద మీద మట్టం దాదాపు 1.2 మీటర్ల కింద పడకుండా ఎండాకాలమంతా అక్కడి నుంచి కొలిచి వదులుతారు. 1943 మే 16, 17 తేదీల మధ్య రాత్రి బ్రిటిష్ విమానాలు ఈ ఆనకట్టను బద్దలు కొట్టినప్పుడు ఆ నీరంతా ఎడర్, ఫుల్డాల గుండా వేజర్‌లోకే వచ్చిపడింది. అదే ఏడాది తిరిగి కట్టారు.

ఎండాకాలంలో జలాశయం ఒడ్డున హోటళ్లు నడిపేవారు నీరు నిలపాలంటారు, దిగువన పడవలు నడిపేవారు వదలాలంటారు. నీటి తగాదాలు మనకేమీ కొత్త కాదు కనుక ఇందులో ఎవరి వాదన ఎలా ఉంటుందో మీరు ఊహించుకోగలరు. 2018 లాంటి కరువు ఏళ్లలో జలాశయం అడుగంటి, 1914లో మునిగిన ఊళ్ల పునాదులు, ఆసెల్ గ్రామపు పాత వంతెన బయటపడ్డాయి. జనం వంతెన మీద నడవడానికి వచ్చారు. విచిత్రమేమిటంటే, ఇంత నీరు ఎవరి కోసం వదులుతున్నారో ఆ సరుకు పడవలు పై వేజర్‌లో దాదాపు కనుమరుగయ్యాయి. ఇప్పుడు ఎక్కువగా కనబడేవి విహార నౌకలు, చిన్న పడవలు, పంట్లు. పంట్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను: పోలె, గ్రోండె, ఫెక్కర్‌హాగెన్ వంటి చోట్ల నదికి అడ్డంగా కట్టిన ఇనుప తాడుకు పంటును వేలాడదీసి, దాన్ని కొంచెం ఏటవాలుగా తిప్పుతారు. ప్రవాహమే దాన్ని ఆవలి ఒడ్డుకు తోసేస్తుంది. ఇంజను చప్పుడు ఉండదు. కోనసీమలో పుట్టి, రేవు దాటడమంటే గంటల తరబడి నిరీక్షణ అనుకుంటూ పెరిగిన నేను గ్రోండె దగ్గర పని లేకపోయినా రెండుసార్లు అటూ ఇటూ దాటాను.

మిండెన్‌కు కొద్దిగా ఎగువన పోర్టా వెస్ట్‌ఫాలికా అనే కొండ సందు ఉంది. అక్కడి నుంచి నది కొండలను విడిచి ఉత్తర జర్మన్ మైదానంలోకి దిగుతుంది. మిండెన్ దగ్గర మీరు తప్పక ఆగాలి. అక్కడ మిట్టెల్‌లాండ్ కాలువ వంతెన మీదుగా నదిని దాటుతుంది: కింద నదిలో ఒక పడవ, పైన కాలువలో ఇంకొక పడవ. 1914లో కట్టిన మొదటి కాలువ వంతెనను యుద్ధం చివర 1945లో జర్మన్ సైన్యమే వెనక్కి తగ్గుతూ పేల్చివేసింది, 1949లో బాగుచేశారు, దాని పక్కనే 1998లో వెడల్పైన రెండవ వంతెన వచ్చింది. నదికీ కాలువకూ మధ్య ఎత్తు తేడా సుమారు 13 మీటర్లు. ఆ తేడాను 1914 నాటి లోతైన లాకు ఒక్క అంచెలో ఎక్కిస్తుంది. ప్రతిసారీ అంత నీటిని నదిలోకి వదిలేస్తే కాలువ ఎండిపోతుంది కాబట్టి, లాకు ఖాళీ అయ్యేటప్పుడు నీటిలో పెద్ద భాగాన్ని పక్క గోడల్లో అంచెలంచెలుగా ఉన్న గదుల్లోకి పంపి దాచి, నింపేటప్పుడు మళ్లీ వాడుకుంటారు. ఆ లాకు ఇరుకు కావడంతో 2017లో పక్కనే పెద్ద లాకు తెరిచారు.

మిండెన్ నుంచి బ్రెమెన్ వరకు ఉన్న దాదాపు 160 కిలోమీటర్ల మధ్య వేజర్‌లో చూడవలసినది తక్కువ, కానీ సరుకు పడవలు నిజంగా నడిచే నది ఇదే. పేటర్స్‌హాగెన్, ష్ల్యూస్సెల్‌బుర్గ్, లాండెస్‌బెర్గెన్, డ్రాకెన్‌బుర్గ్, డ్యోర్‌ఫెర్డెన్, లాంగ్‌వేడెల్, హెమెలింగెన్ అనే ఏడు చోట్ల ఆనకట్టలు కట్టి నదిని మెట్లుగా మార్చారు. చాలా చోట్ల నది పెద్ద వంపు తిరుగుతుంటే, ఆ వంపును అడ్డంగా కోస్తూ కాలువ తవ్వి అందులో లాకు పెట్టారు. అందువల్ల పడవ సగం దారి నదిలో, సగం దారి తిన్నని కాలువలో పోతున్నట్లు ఉంటుంది. పాత వంపులు మాత్రం చేపలకు, కొంగలకు మిగిలాయి. వెర్డెన్ దగ్గర ఆలెర్ నది కుడివైపు నుంచి వచ్చి కలిసిన తరువాత నీరు బాగా పెరుగుతుంది. ఇటీవలి కాలంలో వంపులను సవరించి, కొన్ని లాకులను పెద్దవి చేసి, 110 మీటర్ల పొడవు, 11.45 మీటర్ల వెడల్పు ఉన్న పడవలు రెండున్నర మీటర్ల డ్రాఫ్టుతో, అంటే నీటిలో అంత లోతు మునిగి, పోయేందుకు ఏర్పాటు చేశారు. చిన్న పడవలో వెళ్లేవారికి ఇక్కడ కావలసింది ఓపిక. లాకులో మీ ముందు సరుకు పడవ ఉంటే అది లోపలికి వెళ్లి కట్టుకున్న తరువాతే మీరు ప్రవేశించాలి. దాని వెనక నీటిలో తిరిగే పంకా ఆగేదాకా తాడు చేతిలో నుంచి వదలకూడదు.

ఈ ఏడింటిలో చివరిదైన హెమెలింగెన్ ఆనకట్ట కథే మీ మూడవ ప్రశ్నకు ద్వారం. ఇది ఎగువ పడవల సౌకర్యం కోసం మాత్రమే కట్టినది కాదు. దిగువన సముద్రం వైపు చేసిన ఒక పెద్ద పని వల్ల ఎగువన నది కోసుకుపోసాగింది, చుట్టుపక్కల భూగర్భ జలాలు పడిపోసాగాయి. దాన్ని ఆపడానికి ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్లలో ఆనకట్ట కట్టి 1911లో ముగించారు. ఇప్పుడు సముద్రపు పోటు దాని గోడ దాకా వచ్చి ఆగుతుంది.

ఆ పెద్ద పని ఏమిటో చెప్పాలంటే వెనక్కి వెళ్లాలి. మధ్యయుగంలో కాగ్ అనే గుండ్రని ఓడలు బ్రెమెన్ దాకా వచ్చేవి. సుమారు 1380 నాటి అటువంటి ఓడ ఒకటి 1962లో రేవును తవ్వుతుండగా బురదలో దొరికింది. దాన్ని బ్రెమర్‌హాఫెన్‌లోని సముద్రయాన మ్యూజియంలో చూడవచ్చు. ఓడలు పెద్దవయ్యాయి, నది మాత్రం మేట వేసింది. బ్రెమెన్‌కు కింద వేజర్ అనేక పాయలుగా, లంకల మధ్య నుంచి పారేది. ఏ పాయలోనూ తగినంత లోతు ఉండేది కాదు. పదిహేడో శతాబ్దం మొదట్లోనే బ్రెమెన్ వర్తకులు దిగువన ఫేగెజాక్‌లో నది పక్కన రేవు తవ్వించారు. తరువాత అదీ చాలక సరుకును బ్రాకెలో చిన్న పడవల్లోకి మార్చుకోవలసి వచ్చింది. బ్రాకె ఓల్డెన్‌బుర్గ్ రాజ్యానిది. ఒడ్డు ఒకరిది, వ్యాపారం ఒకరిది. జర్మనీలో కట్టిన తొలి ఆవిరి ఓడల్లో ఒకటైన 'వేజర్' 1817లో బ్రెమెన్‌కూ బ్రాకెకూ మధ్య నడవడానికి కారణం కూడా ఈ దూరమే. బ్రెమెన్ మేయర్ యోహాన్ స్మిట్ 1827లో హానోవర్ రాజ్యం నుంచి నది మొగ దగ్గర కొంత నేల కొని, కొత్త రేవు తవ్వించాడు. డచ్ ఇంజనీరు వాన్ రోంజెలెన్ కట్టిన ఆ రేవు 1830లో తెరుచుకుంది. అదే బ్రెమర్‌హాఫెన్, పేరుకు అర్థం బ్రెమెన్ వారి రేవు అనే. 70 లక్షలకు పైగా జనం ఐరోపా విడిచి అమెరికాకు పోవడానికి ఓడ ఎక్కింది ఇక్కడే.

అంటే పెద్ద ఓడలు బ్రెమెన్‌కు రాకపోవడం ఇవాళ్టి మాట కాదు. ఓడలను తిరిగి ఊరికి రప్పించడానికి ఒక ప్రయత్నం జరిగింది, అదే నేను చెప్పిన పెద్ద పని. లూడ్విగ్ ఫ్రాంట్సియుస్ అనే ఇంజనీరు 1887 నుంచి 1895 వరకు కింది వేజర్‌ను మార్చి కట్టాడు. ఆయన ఆలోచన సులువైనది, సాహసమైనది. నదిని తవ్వి లోతు చేసి వదిలేస్తే మళ్లీ పూడిపోతుంది. దానికి బదులు పక్క పాయలు మూసి, వంపులు తిన్నగా కోసి, నదిని సముద్రం వైపు క్రమంగా వెడల్పయ్యే గరాటులా మలిస్తే, పోటు అడ్డం లేకుండా లోపలికి దూరుతుంది. ఎక్కువ నీరు లోపలికి వస్తే ఆటులో ఎక్కువ నీరు వేగంగా బయటికి పోతుంది. ఆ వేగమే అడుగును ఊడ్చి లోతు నిలుపుతుంది. సముద్రం చేత పని చేయించుకోవడమన్నమాట. అనుకున్న ప్రకారం 5 మీటర్ల డ్రాఫ్టు ఉన్న ఓడలు బ్రెమెన్ చేరాయి.

కానీ ఆ పని అక్కడ ఆగలేదు. ఓడలు పెరిగినకొద్దీ నదిని మళ్లీ మళ్లీ తవ్వుతూ వచ్చారు. ఫ్రాంట్సియుస్‌కు ముందు బ్రెమెన్ పట్టణంలో ఆటుకూ పోటుకూ మధ్య తేడా కొన్ని పదుల సెంటీమీటర్లే ఉండేది. ఇప్పుడది దాదాపు నాలుగు మీటర్లు. సముద్రపు ఒడ్డున కంటే అక్కడ, లోపల, తేడా ఎక్కువ! పోటు ఎంత సులువుగా లోపలికి వస్తుందో తుఫాను ఉప్పెన కూడా అంతే సులువుగా వస్తుంది కాబట్టి ఏటిగట్లు ఎత్తు పెంచారు, 1962 ఫిబ్రవరి ఉప్పెన తరువాత హుంటె, లేజుం, ఓఖ్టుమ్ ఉపనదుల మొగల్లో మూసే తలుపులు కట్టారు. ఉప్పునీరు ఎగువకు జరిగింది. ఒడ్డున పచ్చిక మైదానాల కాలువలకు మంచినీరు కష్టమైంది. ఇంకొంత లోతు చేయడానికి 2011లో అనుమతి పొందిన ప్రణాళిక మీద పర్యావరణ సంస్థ కోర్టుకు వెళ్లింది. నీటి స్థితిని దిగజార్చే పనికి అనుమతి ఇవ్వరాదన్న నియమానికి ఐరోపా న్యాయస్థానం 2015 జూలై 1న ఇచ్చిన ప్రసిద్ధమైన వ్యాఖ్యానం ఈ వేజర్ వ్యాజ్యంలోనిదే. ఆ తరువాతి ఏడాది జర్మనీ ఉన్నత పాలనా న్యాయస్థానం ఆ అనుమతిని చట్టవిరుద్ధమని తేల్చింది. నావికుణ్ణి కాబట్టి లోతు ఎంత ఉంటే అంత మంచిదని నేను అంటానని మీరు అనుకోవచ్చు. బ్రెమర్‌హాఫెన్‌కు దిగువన లోతు చేయడంలో అర్థం ఉంది. బ్రెమెన్ దాకా ఇంకొక అడుగు తవ్వడం వల్ల వచ్చే లాభం, ఒడ్డు వారు మోయవలసిన భారానికి సరిపోదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఓడ ఎలా నడుస్తుందో చూద్దాం. సముద్రం నుంచి వచ్చే ఓడకు నది మొగకు బయటే పైలట్, అంటే ఆ దారి తెలిసిన స్థానిక మార్గదర్శి, ఎక్కుతాడు. బయటి వేజర్ అంటే ఇసుక దిబ్బల, బురద మైదానాల మధ్య సన్నని దారి; ఆటులో చుట్టూ నేల బయటపడుతుంది, పోటులో అంతా ఒకే సముద్రంలా కనబడుతుంది. ఈ దారి కదులుతూ ఉంటుంది. 1920లలో ముఖ్యమైన ఓడ దారిని వుర్స్టర్ పాయ నుంచి ఫెడర్‌వార్డర్ పాయకు మార్చవలసి వచ్చింది. బురద మైదానంలో 1856 నుంచి నిలిచిన హోహె వేగ్ దీపస్తంభాన్ని, మొగలో 1885లో వెలిగిన రోటర్ జాండ్ దీపస్తంభాన్ని దాటి రావాలి. రెండవది నడి సముద్రపు ఇసుకలో పునాది దించి కట్టిన తొలి కట్టడాల్లో ఒకటి. మొదటి ప్రయత్నంలో 1881లో పునాది పెట్టె సముద్రం పాలైంది. 1964లో ఆల్టె వేజర్ దీపస్తంభం వచ్చిన తరువాత దాని ముఖ్యమైన పని ముగిసింది. బ్రెమర్‌హాఫెన్‌కు వచ్చాక బయటి పైలట్ దిగి, నది పైలట్ ఎక్కుతాడు. కంటైనర్ ఓడల ప్రయాణం దాదాపు 5 కిలోమీటర్ల పొడవున్న అక్కడి గట్టు దగ్గరే ముగుస్తుంది. ధాన్యం, పశువుల దాణా తెచ్చే ఓడలు నోర్డెన్‌హామ్ దాటి బ్రాకెకు, కొన్ని బ్రెమెన్‌కు పోతాయి.

బ్రాకెకు దాదాపు 11.9 మీటర్లు, బ్రెమెన్‌కు దాదాపు 10.7 మీటర్ల డ్రాఫ్టుతో పోవచ్చు, అయితే పోటు చూసుకునే పోవాలి. ఇక్కడ కొత్త అధికారులకు అర్థం కాని సంగతి ఒకటి ఉంది. పోటు ఒక అల. అది మొగ నుంచి ఎగువకు ప్రయాణం చేస్తుంది, బ్రెమర్‌హాఫెన్‌లో నిండు పోటు అయిన గంటకు పైగా గడిచాక గానీ బ్రెమెన్‌లో నిండదు. లోపలికి వచ్చే ఓడ ఆ అలతో పాటే నడుస్తుంది కాబట్టి దాని కింద నీరు చాలాసేపు నిలిచి ఉంటుంది. బయటికి పోయే ఓడ ఆ అలకు ఎదురు పోతుంది. బయలుదేరినప్పుడు నిండుగా ఉన్న నీరు దారిలోనే తగ్గిపోయి, ఎదురుగా ఆటు వచ్చి పడుతుంది. అందువల్ల ఒకే డ్రాఫ్టు ఉన్నా వచ్చేటప్పుడు గంటల వెసులుబాటు ఉంటుంది, పోయేటప్పుడు నిమిషాలు లెక్కపెట్టుకోవాలి. ఒకసారి బ్రాకె నుంచి లోడు చేసుకుని బయలుదేరవలసిన మా ఓడకు తాడు విప్పడంలో అరగంట ఆలస్యమైంది. పైలట్ గడియారం చూసి, ఇక తరువాతి పోటుకే అన్నాడు. పన్నెండు గంటలకు పైగా గట్టునే ఉన్నాము. ఆ రోజు చిరాకు పడ్డాను. తరువాత కాగితం మీద అలను గీసి చూసుకుంటే ఆయన మాట పూర్తిగా సరైనదని తేలింది.

నది అడుగు కూడా అంతటా ఒకేలా ఉండదు. మంచినీరూ ఉప్పునీరూ కలిసే నోర్డెన్‌హామ్ ప్రాంతంలో మెత్తని ఒండ్రు దిగుతుంది. లోతు కొలిచే ప్రతిధ్వని యంత్రం మీద అడుగు ఎక్కడ మొదలైందో తేల్చడం కష్టం. దానికి ఎగువన ఇసుక. ప్రవాహం ఆ ఇసుకను ఎడారిలో లాగా నీటి కింద మనిషి ఎత్తుకు మించిన దిబ్బలుగా మలుస్తుంది. వాటి శిఖరాలను తవ్వి తీయడం కన్నా, బలమైన నీటి ధారతో చెదరగొట్టి పక్క గుంటల్లోకి జార్చడమే ఇక్కడ ఎక్కువ. ఇలాంటి పనుల్లో తవ్విన ఇసుకతోనే పాత దిబ్బలు కలిసిపోయి, బ్రాకెకు ఎదురుగా దాదాపు 11 కిలోమీటర్ల పొడవైన హారియర్‌జాండ్ లంక ఏర్పడింది.

మీ రెండవ ప్రశ్నకు ఇక నేరుగా జవాబు చెబుతాను: అవును, హాన్ మ్యూండెన్ నుంచి బ్రెమర్‌హాఫెన్ వరకు ఒకే చిన్న పడవలో పోవచ్చు. పై వేజర్ ప్రయాణాన్ని వసంతం చివరలో మొదలుపెట్టండి. వేసవి ముదిరితే మీ ప్రయాణం జలాశయం నుంచి ఎంత వదిలారు అన్న దాని మీద ఆధారపడుతుంది. 15 అశ్వశక్తికి మించిన ఇంజను ఉంటే లైసెన్సు కావాలి. ఒడ్డున ఉన్న కిలోమీటరు పలకలు చూసుకుంటూ పోతే దారి తప్పరు, కానీ బ్రెమెన్‌లో గందరగోళ పడవద్దు: హాన్ మ్యూండెన్ దగ్గర సున్నాతో మొదలైన లెక్క బ్రెమెన్ నడిబొడ్డున విల్‌హెల్మ్ కైజెన్ వంతెన దగ్గర 366 దాటి ముగిసి, అక్కడి నుంచి కింది వేజర్ లెక్క మళ్లీ సున్నాతో మొదలవుతుంది. రేడియోలో మీరున్న చోటు చెప్పేటప్పుడు ఏ లెక్కో కూడా చెప్పాలి. కొంచెం దిగువన రైలు వంతెన దాటితే లోతట్టు జలమార్గాల నియమాలు ముగిసి సముద్ర జలమార్గాల నియమాలు మొదలవుతాయి. సంతోషించదగ్గ విషయం ఏమిటంటే బోయాల రంగులు మాత్రం మారవు. దిగువకు పోయేవారికి ఎర్రవి కుడివైపు, ఆకుపచ్చవి ఎడమవైపు, రెండు చోట్లా అంతే.

హెమెలింగెన్ లాకు దాటిన క్షణం నుంచి మీ పాత అలవాట్లు పనికిరావు. పడవను గట్టుకు బిగించి కట్టి భోజనానికి వెళ్తే, తిరిగి వచ్చేసరికి నీరు నాలుగు మీటర్లు దిగిపోయి పడవ తాళ్లకు వేలాడుతుంది; నీటితో పాటు లేచి దిగే తేలే గట్లకే కట్టండి. బ్రెమెన్ నుంచి నిండు పోటు అయిన వెంటనే బయలుదేరితే ఆటు మిమ్మల్ని బ్రెమర్‌హాఫెన్ వైపు మోసుకుపోతుంది. అయితే వాయవ్యపు గాలి వీస్తున్నప్పుడు ఆటు గాలికి ఎదురు పోయి, దిగువన నిటారైన చిన్న అలలు లేస్తాయి. మూడు మీటర్ల ఎత్తు సముద్రపు అల కన్నా ఆ ఒక మీటరు అల చిన్న పడవకు ఎక్కువ హాని చేస్తుంది. అలాంటి రోజున ఎల్స్‌ఫ్లెత్ దగ్గర హుంటెలోకి తిరిగి ఆగడం మంచిది. అక్కడి నుంచి ఓల్డెన్‌బుర్గ్ మీదుగా తీర కాలువ పట్టుకుని ఎమ్స్ నదికి పోయే దారి కూడా ఉంది. బ్రెమర్‌హాఫెన్ చేరాక బయటి వేజర్‌లోకి పోవాలన్న కోరిక ఎంత ఉన్నా, ఆ ఇసుక దిబ్బల దారిని తెలిసిన తోడు లేకుండా చిన్న పడవతో పోవద్దు. ఎల్బె నదికి వెళ్లాలనుకుంటే గేస్టె నదిలోకి తిరిగి, బేడెర్‌కేజా మీదుగా ఓటెర్న్‌డోర్ఫ్ దగ్గర ఎల్బెలోకి తేలే సన్నని కాలువ దారి ఒకటుంది. దాని మీద వంతెనలు తక్కువ ఎత్తువి, కాబట్టి తెరచాప స్తంభం ఉంటే ముందే దించి కట్టుకోండి.